రింగుల జుట్టు, చెన్నై నీళ్ళు, చెన్నై గాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు వైపు కుటుంబం. నేను పుట్టి పెరిగింది చెన్నై పెరంబూరులో, ఇప్పుడు ఉంటున్నది అదే ఊళ్ళో వేళచ్చేరిలో. పుట్టుకతోనే రింగుల జుట్టు. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా దాన్ని నూనె పెట్టి, దువ్వి, జడ బిగించి అణచడమే తెలుసు. ఆ తర్వాత మెల్లగా నేర్చుకున్నాను. చుట్టాల పిల్లలు, ఆఫీసులో తెలుగువాళ్ళు, మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగినవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను డాక్టర్‌ను కాను. చర్మ వైద్యులను కలవాల్సిన చోట ఆ మాటే చెప్పాను.

అక్కా, నాది అసలు రింగుల జుట్టేనా? దువ్వితే చీపురులా లేస్తుందే తప్ప రింగు ఒక్కటీ కనబడదు.

పొడిగా ఉన్నప్పుడు దువ్వితే రింగు కనబడదు. పక్కపక్క వెంట్రుకలు కలిసి ఒక పాయగా చుట్టుకుంటేనే రింగు కంటికి ఆనుతుంది. సన్న పళ్ళ దువ్వెన ఆ పాయను విడగొట్టి ఏ వెంట్రుకకు ఆ వెంట్రుకను లేపేస్తుంది. ఒక ఆదివారం పరీక్ష చేసి చూడండి. తలస్నానం చేసి, నూనె, క్రీమ్ ఏమీ రాయకుండా, దువ్వకుండా, చేత్తో కూడా కదపకుండా ఆరనివ్వండి. తర్వాత అద్దంలో మెడ మీద, చెవుల వెనక చూసుకోండి. అలల్లా వంపులు కనబడితే అలల జుట్టు. వేలికి చుట్టి వదిలినట్టు ఉంటే రింగుల జుట్టు. స్ప్రింగులా బిగుసుకుని ఉంటే ఇంకా గట్టి రింగులు.

షాంపూ సీసాల మీద 2ఏ, 3బీ అని కనిపించే లెక్క అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీకి జుట్టు తీర్చిన ఆండ్రే వాకర్ 1990లలో తెచ్చింది. 1 అంటే సాఫు జుట్టు, 2 అలలు, 3 రింగులు, 4 బాగా బిగుతైన చుట్టలు. ఒకే తల మీద రెండు మూడు రకాలు ఉండటం మామూలే. నాకు ముందు వైపు అలలు, వెనక గట్టి రింగులు. నంబరు కోసం బుర్ర పాడుచేసుకోకండి. మీ వెంట్రుక సన్నమా లావా, నీళ్ళు త్వరగా పీలుస్తుందా అన్నవే పనికొచ్చే ప్రశ్నలు.

అమ్మకు సాఫు జుట్టు, నాన్నకూ సాఫే. నాకెందుకు ఇలా?

వెంట్రుక మొలిచే కుదురు ఆకారాన్ని బట్టి రింగు వస్తుంది. కుదురు వంగి ఉంటే వెంట్రుక కూడా వంగే మొలుస్తుంది. ఇది ఒక్క జన్యువుతో తేలేది కాదు, కాబట్టి తాతమ్మ జుట్టు మీకు రావచ్చు. ఈడు వచ్చినప్పుడు, కాన్పు తర్వాత, నెలసరి ఆగే వయసులో హార్మోన్లతో పాటు రింగు తీరు కూడా మారుతుంది. పదో తరగతి దాకా సాఫుగా ఉండి ఇంటర్‌లో రింగులు తిరిగినవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

ఇంకో సంగతి. తల మీద ఊరే నూనె సాఫు జుట్టుకు సులువుగా చివరిదాకా జారుతుంది. రింగుల జుట్టుకు ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డుగా, చివర్లు ఎండుగడ్డిలా ఉంటాయి. ఇది జబ్బు కాదు, ఆ జుట్టు స్వభావం.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళు బాగానే ఉండేది. చెన్నై వచ్చిన మూడు నెలలకే పీచు అయిపోయింది. ఏం షాంపూ వాడాలి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. షాంపూ సంగతి తర్వాత, ముందు మీ బాత్రూంలో బకెట్ చూడండి. లోపలి అంచు చుట్టూ తెల్లటి పొర కట్టిందా? కుళాయి మూతి దగ్గర సున్నంలా గట్టిపడిందా? అదే మీ జుట్టు మీదా కడుతోంది.

నాకు ఇది ఒక సంక్రాంతికి తెలిసింది. అమ్మమ్మగారి ఊరు వెళ్తూ నా షాంపూ, నా కండిషనర్ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. భోగి రోజు పెరట్లో కూర్చోబెట్టి అమ్మమ్మే తలంటు పోసింది. కాగులో కాగిన కాలువ నీళ్ళు. ఎప్పటిలాగే అరచేతి నిండా షాంపూ పోసుకుంటే నురుగు మొహమంతా కమ్మేసింది. కడిగాక వేళ్ళు పెడితే జుట్టు చేపలా జారిపోయింది. ఆరేసరికి భుజాల మీద రింగులు దేనికది విడివిడిగా దిగాయి. అమ్మమ్మ వాటిని ఒక్కొక్కటే లాగి వదిలి, "చిన్నప్పుడు ఇట్లానే ఉండేదే నీకు" అంది. వేళచ్చేరికి తిరిగొచ్చి రెండు తలస్నానాలు చేశానో లేదో మళ్ళీ పీచు. షాంపూ అదే, తల అదే. మారింది నీళ్ళు.

మా వైపు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు గానీ ట్యాంకర్ నీళ్ళు గానీ వాడతారు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఎక్కువ. అవి వెంట్రుక పైపొర మీద పేరుకుని దాన్ని గరుకు చేస్తాయి. కండిషనర్ పట్టదు. నురుగు రాదని షాంపూ ఇంకా పోస్తాం, దాంతో జుట్టు ఇంకా ఎండుతుంది. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్ళు ఎంతో తెలుసుకోవాలంటే అక్వేరియం సామాన్లు అమ్మే కొట్లలో కాఠిన్యం చూసే కిట్ అడగండి. కొళత్తూరులో అలాంటి కొట్లు వరసగా ఉంటాయి. అదీ వద్దనుకుంటే సీసాలో సగం నీళ్ళు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క తురిమి వేసి ఊపండి. నురుగు రాకుండా నీళ్ళు పాలలా తెల్లబడి తెట్టు కడితే అవి గట్టి ఉప్పు నీళ్ళే.

ఇల్లు మారలేం కాబట్టి నేను చేసేది చెబుతాను. మామూలు నీళ్ళతోనే తల కడిగి, చివర రెండు చెంబులు తాగే క్యాన్ నీళ్ళు పోసుకుంటాను. ఇరవై లీటర్ల క్యాన్‌లో రెండు చెంబులు పెద్ద ఖర్చు కాదు, తేడా మాత్రం మొదటి రోజే చేతికి తెలుస్తుంది. మూడు వారాలకోసారి ఉప్పు పొరను వదిలించే షాంపూ వాడతాను. సీసా మీద చీలేటింగ్ అనో హార్డ్ వాటర్ అనో రాసి ఉంటుంది, వెనక పదార్థాల్లో ఈడీటీఏ పేరు కనబడుతుంది. ఆ రోజు కండిషనర్ రెట్టింపు పెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే రోజుల్లో డాబా మీద బకెట్లు పెడతాను. మొదటి వాన దుమ్మును కడిగేశాక పడిన నీళ్ళు పట్టుకుంటే వాటికి మించిన తలస్నానం లేదు.

మెట్రో వాటర్, అంటే నగర నీటి బోర్డు కుళాయి నీళ్ళు, సరిగ్గా వచ్చే ఇళ్ళలో ఈ బాధ సాధారణంగా తక్కువ. తెలుగు గంగ కాలువలో కండలేరు మీదుగా 1996 నుంచి పూండి జలాశయానికి చేరే కృష్ణ నీళ్ళు కూడా అందులో ఉన్నాయి. మన నది ఇంత దూరం వచ్చి మన తల తడుపుతోందని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 2019 జూన్‌లో చెరువులు ఎండిపోయినప్పుడు నీళ్ళు చాలక నేను జుట్టు మెడ దాకా కత్తిరించేసుకున్నాను.

ఆర్‌ఓ మెషీన్ నుంచి బయటికి పోయే నీళ్ళు తలకు వాడొచ్చా? షవర్‌కు ఫిల్టర్ పెట్టిస్తే చాలా?

ఆర్‌ఓ వదిలే నీళ్ళు వద్దు. తీసేసిన ఉప్పంతా అందులోకే వెళ్తుంది, అది బోరు నీళ్ళకంటే ఘాటు. గచ్చు కడగడానికి వాడుకోండి. షవర్ ఫిల్టర్లు చాలావరకు క్లోరిన్‌ను తగ్గిస్తాయి గానీ కాఠిన్యాన్ని తీయలేవు. దాన్ని తీసేది సాఫ్ట్‌నర్. అందులో ఉప్పు వేసి నడిపించాలి, సొంత ఇల్లో, అసోసియేషన్ ఒప్పుకునే అపార్ట్‌మెంటో అయితే ఆలోచించండి.

వారానికి ఎన్నిసార్లు తలస్నానం చేయాలి? ఇక్కడ చెమట ఆగదు కదా.

నావరకు వారానికి రెండుసార్లు షాంపూ. కత్తిరి ఎండల్లో, అంటే మే నెలలో, మధ్యలో ఒకసారి కండిషనర్‌తో మాత్రమే మాడు రుద్ది కడుగుతాను. చెమట ఉప్పు మాడు మీద నిలవుంటే దురద, చుండ్రు వస్తాయి, కాబట్టి "రింగుల జుట్టుకు నెలకోసారి చాలు" అన్న మాట ఈ ఊళ్ళో పాటించకండి. చుండ్రు ఉంటే రాత్రంతా నూనెతో పడుకోవడం మానండి, ఆ నూనె చుండ్రు ఫంగస్‌కే మేత. కీటోకొనజోల్ షాంపూను మాడుకు రాసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. నెలలో తగ్గకపోతే చర్మ డాక్టర్‌కు చూపించండి.

కుంకుడుకాయ, శీకాయ మంచివే కదా?

మంచివే, కానీ కుంకుడు రసం జిడ్డుతో పాటు తేమనూ గట్టిగానే లాగుతుంది. రింగుల జుట్టుకు ఒట్టి కుంకుడు వాడితే కొబ్బరి పీచు అవుతుంది. రసం పల్చగా చేసి, రెండు మందార ఆకులు గానీ నానబెట్టిన మెంతులు గానీ రుబ్బి కలపండి. ఆ జిగురు జుట్టు జారేలా చేస్తుంది. పొడులు వాడేటప్పుడు రింగుల్లో పిప్పి ఇరుక్కుంటుంది, అందుకే పలచటి గుడ్డలో వడగట్టాలి. నాట్టు మరుందు కడైలో (మూలికల కొట్లో) కుంకుడుకాయను పూందిక్కొట్టై అని, శీకాయను శీయక్కాయ్ అని అడగండి.

కొబ్బరి నూనె ఎప్పుడు పెట్టాలి?

తలస్నానానికి ముందు. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే, వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి దిగగలదు, మిగతావి పైనే ఉండిపోతాయి. గంట ముందు మధ్య నుంచి చివర్ల దాకా రాయండి, మాడుకు కొంచెం చాలు. కొందరికి కొబ్బరి నూనె పెడితే జుట్టు ఇంకా గట్టిగా, గడ్డిలా అవుతుంది. మీకూ అలా అయితే మొహమాటం లేకుండా మానేసి నువ్వుల నూనె చూడండి.

తలస్నానం నుంచి ఆరేదాకా మీరు ఏం చేస్తారో వరసగా చెప్పండి.

ఇది ఓపిగ్గా చదవండి. నా అనుభవంలో పని అంతా ఈ ముప్పావు గంటలోనే ఉంది.

షాంపూ మాడుకు మాత్రమే. వేళ్ళ చివరలతో, గోళ్ళు తగలకుండా రుద్దుతాను. చివర్లకు జారే నురుగు చాలు. కడిగాక జుట్టు నీళ్ళు ఓడుతుండగానే కండిషనర్ తీసుకుంటాను. నాకు నడుము పై దాకా జుట్టు, రెండు పెద్ద చెంచాలు పడుతుంది. చెవుల కింది నుంచి రాసి, చిక్కు అప్పుడే తీస్తాను. ముందు వేళ్ళతో, తర్వాత పెద్ద పళ్ళ దువ్వెనతో, చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి. తడి జుట్టు మెత్తబడి సాగుతుంది, లాగితే తెగుతుంది. కండిషనర్ ఉంటే దువ్వెన జారుతుంది. మళ్ళీ తలస్నానం దాకా ఇంక దువ్వను.

తర్వాత తల ముందుకు వంచి, చెంబుతో నీళ్ళు పోస్తూ, జుట్టును అరచేతిలోకి తీసుకుని కింది నుంచి పైకి పిసుకుతాను. కప్పలు దూకే బురదలో కాలు పెట్టినట్టు చపక్, చపక్ మని చప్పుడు రావాలి. ఆ చప్పుడు వస్తే జుట్టులో నీళ్ళు చాలినంత ఉన్నాయని అర్థం. రాకపోతే ఇంకో చెంబు. ఈ పిసుకుడుకే పాయలు దగ్గర చేరి చుట్టుకుంటాయి.

క్యాన్ నీళ్ళతో చివరి కడుగుడు అయ్యాక, బాత్రూంలోనే, నీళ్ళు కారుతుండగానే క్రీమ్ కొంచెం, దాని మీద జెల్ రాస్తాను. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తువ్వాలుతో తుడుచుకుని, బయటికి వచ్చి, ఫ్యాన్ కింద నిలబడి అప్పుడు రాస్తారు. అప్పటికే జుట్టు రేగడం మొదలవుతుంది, ఇంక ఎంత జెల్ రాసినా దారికి రాదు.

నూలు తువ్వాలులో దారాల ఉచ్చులు ఉంటాయి, అవి వెంట్రుకల్ని పీకుతాయి. మావారి పాత టీ షర్టు ఒకటి దీనికే పెట్టాను. మంచం మీద పరిచి, తల వంచి జుట్టంతా దాని మీద పోగుచేసి, ఆ షర్టు చేతులు మెడ వెనక ముడివేసి పావుగంట ఉంచుతాను. విప్పాక ముట్టుకోకూడదు. ఇది మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాదు, వచ్చి సర్దబోతుంది. జెల్ ఎండి జుట్టు అప్పడంలా గట్టిపడుతుంది. అది పూర్తిగా ఎండాక, అరచేతుల్లో రెండు చుక్కలు నూనె రాసుకుని మెల్లగా నలిపితే గట్టిదనం పోయి మెత్తటి రింగులు మిగులుతాయి.

ఇంట్లో బాగా వస్తుంది, బయటికి వెళ్ళిన అరగంటకే రేగిపోతుంది. ఎందుకు?

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్. దాని గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. నీళ్ళు తగిలితే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్ళీ ముడిపడతాయి. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే అదే నిలుస్తుంది. మన ఊళ్ళో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది, గాలి నిండా తేమ. ఆ తేమ వెంట్రుకలోకి పోయి బంధాల్ని మళ్ళీ కదిలిస్తుంది, ఒక్కో వెంట్రుక ఒక్కో వైపు ఉబ్బుతుంది. మీరు సగం తడితో బండి ఎక్కితే రింగు ఆకారం ఇంకా గట్టిపడకముందే గాలి చెదరగొడుతుంది.

అందుకే నేను ఆఫీసు రోజు పొద్దున తలస్నానం చేయను. ముందు రోజు సాయంత్రం చేసి, డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టి మెల్లగా వదిలే చిల్లుల గిన్నె) తగిలించిన డ్రయ్యర్‌తో గోరువెచ్చటి గాలిలో పూర్తిగా ఆరబెడతాను. తడితో ముడివేసి పడుకుంటే మాడు వాసన వస్తుంది, చుండ్రూ పెరుగుతుంది.

జెల్ వెనక గ్లిజరిన్ మొదటి నాలుగైదు పేర్లలో ఉందేమో చూడండి. అది గాలిలోని తేమను లాగుతుంది. జూలైలో బెంగళూరులో నాకు బాగా పనిచేసిన క్రీమ్, చెన్నైలో జిగటగా, ఉబ్బుగా చేసింది. రోజంతా ఏసీలో ఉండేవాళ్ళకు అదే గ్లిజరిన్ అంత ఉబ్బు తేకపోవచ్చు, ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి.

బజారు జెల్ ఖరీదు. ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. పావు కప్పు అవిసె గింజలు, రెండు కప్పుల నీళ్ళు. మధ్య మంట మీద కలుపుతూ ఉంటే ఏడెనిమిది నిమిషాలకు గంజిలా చిక్కబడుతుంది. గరిటె ఎత్తితే తీగ సాగాలి. అక్కడే దించాలి. ఇంకో రెండు నిమిషాలు ఆగితే గింజల నుంచి విడదీయడం మీ తరం కాదు. వేడిగా ఉండగానే పాత సన్న గుడ్డలో వేసి పిండండి. ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది, వాసన మారితే పారేయండి. ఇక్కడి కొట్లలో ఆళి విదై అని అడగాలి. అవిసె అంటే కొందరు ఆకుకూర చెట్టు అగత్తి అనుకుంటారు. నేను ఒకసారి కట్ట ఆకు తెచ్చుకున్నాను.

షాంపూ సీసా వెనక ఏం చూడాలి?

సల్ఫేట్ పేర్లు మొదట్లో ఉంటే అది గట్టిగా కడిగే షాంపూ. పూర్తిగా మానేయనక్కర్లేదు, నెలకోసారి చాలు. డైమెథికోన్ లాంటి సిలికాన్లు జుట్టును మెరిపిస్తాయి గానీ నీళ్ళతో పోవు, మెత్తటి షాంపూతోనూ పూర్తిగా పోవు, పొర మీద పొర పడతాయి. సిలికాన్ కండిషనర్ వాడేవాళ్ళు అప్పుడప్పుడు సల్ఫేట్ షాంపూ వాడక తప్పదు. ప్రకటన మీద రింగుల బొమ్మ ఉందా అన్నది చూడొద్దు.

పెళ్ళి దగ్గరపడింది. జుట్టు సాఫు కావడానికి సెలూన్‌లో కెరటిన్ గానీ స్మూతెనింగ్ గానీ చేయించుకోమంటున్నారు. ఏమంటారు?

నేను చేయించుకున్నాను, కాబట్టి జరిగింది చెబుతాను. మా తమ్ముడి నిశ్చితార్థానికి వారం ముందు ఒక సెలూన్‌లో కూర్చున్నాను. క్రీమ్ రాసి ఇస్త్రీ పెట్టగానే పొగ లేచింది, కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. అద్దాల గదికి కిటికీ లేదు. క్రీమ్ రాసే సెలూన్ పిల్ల మాస్క్ వేసుకుంది, నాకు ఇవ్వలేదు. ఫోటోల్లో జుట్టు బాగానే ఉంది. ఐదో నెలకు పైన రింగులు, కింద కర్రల్లా సాఫు జుట్టు, రెండూ కలిసే చోట తెగిపోవడం. మొత్తం పెరిగి రావడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ పొగ ఫార్మాల్డిహైడ్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని అమ్మే క్రీముల్లో చాలాసార్లు గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. 2024లో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక యువతి గురించి రాశారు. ఆ క్రీముతో జుట్టు సాఫు చేయించుకున్న ప్రతిసారీ ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోనే వద్దు. మిగతావాళ్ళు వెళ్ళి తీరతామంటే డబ్బా మీద పేర్లు చదివి, గాలి ఆడే గదో కాదో చూసి కూర్చోండి. నా మాట అడిగితే వద్దు. పెళ్ళికి ఒక్కరోజు సాఫు జుట్టు కావాలంటే, బాగా ఆరిన జుట్టుకు వేడి నుంచి కాపాడే సీరం రాసి, 180 డిగ్రీలు దాటకుండా ఇస్త్రీ చేయించుకోండి. తడి మీద ఇస్త్రీ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి.

పెళ్ళిజడకు సవరం కుదరడం లేదు.

కొట్లలో దొరికే సవరాలు ఎక్కువగా సాఫువి. సొంత జుట్టును సాఫు చేయడం కంటే, సవరాన్నే నీళ్ళు చల్లి ముందు రాత్రి సన్న జడలుగా అల్లి ఉంచడం మేలు. విప్పేసరికి అలలు వస్తాయి, మీ జుట్టులో కలిసిపోతుంది. మల్లెపూల దండ పెట్టేటప్పుడు దారం రింగుల్లో చిక్కుకుంటుంది. దండను జుట్టులోకి దూర్చకుండా పైన ఆనించి, యూ పిన్నులతో గుచ్చండి. తీసేటప్పుడు దారం కత్తిరించి పూలు జార్చేయాలి, లాగకూడదు.

తిరుపతిలో గుండు చేయిస్తే పాపకు సాఫు జుట్టు వస్తుందంటారు, నిజమేనా?

మొక్కు ఉంటే తీర్చుకోండి, జుట్టు మారుతుందని మాత్రం చేయించకండి. కత్తి పైన తగులుతుంది, కుదురు లోపల ఉంటుంది. పసిపిల్లల జుట్టు వయసుతో మారుతుంది, ఆ మార్పును గుండు ఖాతాలో వేసేస్తాం.

పాపకు ఆరేళ్ళు. స్కూల్లో రెండు జడలు, రిబ్బన్లు తప్పనిసరి. రోజూ పొద్దున ఏడుపే.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు నేనే గుర్తొస్తాను. పెరంబూరు ఇంట్లో గడప మీద కూర్చుని, అమ్మ మోకాళ్ళ మధ్య తల ఇరికించి, "కదలకే" అంటుంటే కళ్ళ నీళ్ళు పెట్టుకునేదాన్ని. అమ్మకూ బస్సు టైము టెన్షన్. ఆమె తప్పు లేదు, పొడి జుట్టును పైనుంచి దువ్వకూడదని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

చిక్కు రాత్రి తీయండి, పొద్దున కాదు. స్ప్రే సీసాలో నీళ్ళు పోసి, ఒక చెంచా కండిషనర్ కలిపి ఊపండి. జుట్టును నాలుగు పాయలు చేసి, మూడింటిని క్లిప్పులతో పైకి పెట్టి, ఒక్కోదాన్ని తడిపి, చివర రెండంగుళాలు ముందు విడదీయండి. విడదీసే చోటుకు పైన పాయను గట్టిగా పట్టుకుంటే లాగుడు మాడుకు తెలియదు. పాప బొమ్మ చూసుకుంటూ కూర్చుంటుంది. వదులుగా రెండు జడలు అల్లి పడుకోబెట్టండి. పొద్దున పైపైన తడి చేసి, పాపిడి తీసి, రిబ్బన్ కట్టేస్తే ఐదు నిమిషాలు. నుదురు దగ్గర చర్మం లాగేంత బిగించకండి, రోజూ అలా లాగితే అక్కడ జుట్టు పలచబడుతుంది. పేలు పడితే తల నిండా కండిషనర్ రాసి పేల దువ్వెనతో పాయ పాయగా దువ్వండి, మూడు నాలుగు రోజులకోసారి రెండు వారాలపాటు.

హెల్మెట్ తీసేసరికి పైన అప్పడం, కింద గంప.

హెల్మెట్ లోపలి గుడ్డ రాపిడి వల్ల అలా అవుతుంది. జారే పట్టు గుడ్డ గానీ శాటిన్ గుడ్డ గానీ తలకు చుట్టి పైన హెల్మెట్ పెట్టండి. జుట్టు తడిగా ఉండగా పెట్టొద్దు. దిగాక తల వంచి, వేళ్ళు మాడు దగ్గర పెట్టి కదిలించండి, చివర్లు ముట్టుకోకండి.

సెలూన్‌లో ఏమని చెప్పాలి? ప్రతిసారీ చాలా పొట్టి చేసేస్తున్నారు.

తడిగా ఉన్నప్పుడు రింగు సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక రెండు మూడంగుళాలు పైకి ముడుచుకుంటుంది. అందుకే పొడిగా, రింగులు ఉన్నట్టే ఉండగా కత్తిరించమనండి. అరవంలో "కాంజ ముడియిల వెట్టుంగ" అంటే చాలు. "థిన్నింగ్ వేండాం" అని కూడా చెప్పండి. పలచన చేసే ఆ కత్తెర వేస్తే మధ్యలో పొట్టి వెంట్రుకలు లేచి నిలబడతాయి. మగపిల్లలకూ ఇదే మాట. పైన మూడంగుళాలు ఉంచితేనే రింగు తిరగడానికి చోటు ఉంటుంది.

తలస్నానం రోజు గుప్పెడు జుట్టు ఊడుతోంది. భయంగా ఉంది.

రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే. సాఫు జుట్టువాళ్ళకు అవి రోజూ దువ్వెనలో కనబడతాయి. మనం దువ్వం కాబట్టి రాలినవి రింగుల్లోనే ఇరుక్కుని మూడు నాలుగు రోజులవి ఒకేసారి వస్తాయి. పాపిడి వెడల్పవుతున్నా, మాడు మచ్చలుగా కనిపిస్తున్నా, కాన్పయ్యాక ఏడాదికీ తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

రెండో రోజు లేచేసరికి ఒకవైపు అణిగి, ఒకవైపు లేచి ఉంటుంది. మళ్ళీ తలస్నానం చేయాలా?

వద్దు. రాత్రి జుట్టంతా నడినెత్తికి తెచ్చి వదులుగా ఒక బ్యాండ్ వేయండి. నూలు దిండు గలీబు రాపిడి పెడుతుంది. నేను మా పెద్దమ్మ పాత పట్టు చీరలో జరీ లేని చోట కత్తిరించి రెండు గలీబులు కుట్టించాను, పదేళ్ళ చీర ఇంకా చిరగలేదు. పొద్దున అణిగిన వైపు మాత్రమే చేయి తడుపుకుని పిసకండి. మొండికేసిన రెండు మూడు పాయలకు చిటికెడు జెల్ రాసి వేలికి చుట్టి, కాఫీ తాగేంతసేపు క్లిప్పు పెట్టి వదిలేయండి.